లాబ్‌స్టర్ వండేటప్పుడు గడియారం చూసుకోండి

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున తెలుగు కుటుంబాలు వేసవిలో కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగ్ విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకు రండి, ఈ బల్ల మీద ఉన్న లాబ్‌స్టర్లని, అంటే రొయ్యలకీ పీతలకీ చుట్టాలైన ఈ పెద్ద సముద్ర ప్రాణుల్ని, దగ్గర్నుంచి చూస్తేనే నేను చెప్పేది అర్థమవుతుంది. పిల్లల్ని ముందు కూర్చోబెట్టండి. పీత డెక్కల్లాంటి వీటి పెద్ద కాళ్ళకి రబ్బరు బ్యాండ్లు ఉన్నాయి కాబట్టి భయం లేదు, కానీ బ్యాండ్లు మాత్రం ఎవరూ తియ్యొద్దు. ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. రొయ్యలు గానీ పీతలు గానీ పడనివాళ్ళు ఎవరైనా ఉంటే ఇవాళ దీన్ని రుచి కూడా చూడొద్దు. ఎలర్జీ తెప్పించే ప్రోటీన్ ఈ జాతి మొత్తంలో దాదాపు ఒకటే, ఎంత ఉడికించినా అది పోదు. చేప తింటే ఏమీ కాదు కదా అనుకోవద్దు, చేప వేరు, ఇది వేరు.

ఇక అసలు విషయం. మిగతాదంతా మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుంటే చాలు. మనవాళ్ళు లాబ్‌స్టర్‌ని పాడుచేస్తున్నది కారంతో కాదు, మసాలాతో కాదు, టైముతో. అవును, టైముతోనే. మన వంటింట్లో మాంసం అంటే ఉడకాలి, ఇంకా ఉడకాలి, ఎందుకైనా మంచిదని ఇంకో పది నిమిషాలు సిమ్‌లో ఉంచాలి. మేకమాంసానికి అది సరే. నాటుకోడికి సరే. కానీ పన్నెండు నిమిషాల్లో అయిపోవాల్సిన దాన్ని అరగంట పొయ్యిమీద ఉంచితే ఏమవుతుంది? రబ్బరులా సాగుతుంది. అప్పుడేమంటారు? "ఇంత డబ్బు పోసి కొన్నాం, దీనికంటే రొయ్యలే నయం" అంటారు. నేను చాలా ఇళ్ళల్లో విన్నాను ఈ మాట. విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది, ఎందుకంటే ఆ ఇంట్లో మసాలా బ్రహ్మాండంగా ఉంటుంది!

ఎందుకిలా అవుతుందో చెప్తాను. మేకమాంసంలో కండని పట్టి ఉంచే గట్టి పీచు చాలా ఉంటుంది, అది కరిగి మెత్తబడాలంటే గంటలు పడుతుంది. లాబ్‌స్టర్ తోకలో అంత కరగాల్సిందేమీ లేదు. అది సముద్రం అడుగున నడిచే జంతువు, దాని బరువు చాలావరకు మోసేది నీళ్ళు. కాబట్టి వేడి తగిలిన కాసేపటికే కండ బిగుసుకుంటుంది, తెల్లబడుతుంది, అక్కడికి వంట అయిపోయింది. ఆపైన ప్రతి నిమిషమూ లోపలి రసాన్ని బయటికి పిండేస్తుంది. మీరు ఎక్కువ ఉడికించినకొద్దీ మెత్తబడదు, గట్టిపడుతుంది. మేకమాంసానికి పూర్తిగా తిరగేసిన లెక్క.

సరే, కొనడం దగ్గర మొదలుపెడదాం. బతికున్నదే కొనాలి. ఎందుకు? మంచుమీద పెట్టిన చేపని కొంటున్నాం కదా, ఇదెందుకు బతికుండాలి? లాబ్‌స్టర్ చచ్చిపోగానే దాని పొట్టలోని జీర్ణరసాలు దాని కండనే కరిగించడం మొదలుపెడతాయి, బాక్టీరియా కూడా చకచకా పెరుగుతుంది. కొన్ని గంటల్లోనే మాంసం పిండిపిండిగా అయిపోతుంది. అందుకని దుకాణంలో అడగడానికి మొహమాటపడొద్దు. "పైకెత్తి చూపించండి" అనండి. ఇదిగో, ఇలా వీపు మీద పట్టుకుని ఎత్తాను, చూడండి, తోకని కిందికి ముడిచి టపటపా కొడుతోంది. పెద్ద కాళ్ళు పైకెత్తింది. ఇది మంచిది. తోక, కాళ్ళు వేలాడిపోతూ ఉంటే వద్దని చెప్పండి. మీసాలు కూడా చూడండి, మీసాలు బాగా పొట్టిగా కొరికినట్టు ఉంటే అది తొట్టిలో చాలాకాలంగా ఉందేమోనని అనుమానించాలి.

రంగు చూశారా? ముదురు ఆకుపచ్చ, గోధుమరంగు, అక్కడక్కడా నారింజ చుక్కలు. ఎర్రగా ఎందుకు లేదని ఇందాక ఒక పాప అడిగింది. ఎరుపు ఇందులోనే ఉందమ్మా. దాని పెంకులో ఎర్రటి పదార్థం ఒక ప్రోటీన్‌ని అంటిపెట్టుకుని ఉంటుంది, అలా ఉన్నంతసేపూ నీలంగానో పచ్చగానో కనిపిస్తుంది. వేడికి ఆ ప్రోటీన్ విడిపోయి ఎరుపు బయటపడుతుంది. కానీ పెద్దవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, పెంకు ఎర్రబడగానే లోపల ఉడికినట్టు కాదు. పెంకు ముందు ఎర్రబడుతుంది, మాంసం తర్వాత ఉడుకుతుంది.

ఇప్పుడు ఈ రెండూ పట్టుకుని నొక్కి చూడండి. రండి, ఒక్కొక్కరే వచ్చి నొక్కండి. ఒకటి రాయిలా ఉంది, ఇంకోటి నొక్కితే లోపలికి పోతోంది. మెత్తగా ఉన్నది ఈమధ్యే పెంకు మార్చుకుంది. ఇది పెరగాలంటే పాత పెంకు వదిలేసి కొత్తది తొడుక్కోవాలి. కొత్త పెంకు కాస్త పెద్దదిగా వస్తుంది, దాంట్లోకి నీళ్ళు చేరతాయి, మెల్లమెల్లగా కండ పెరిగి నిండుతుంది. మన చేతికొచ్చే సైజు రావడానికి అయిదారేళ్ళు, ఏడేళ్ళు కూడా పడుతుంది, ఈలోపల ఇరవైసార్లకి పైగానే పెంకు మారుస్తుంది. ఇక్కడ జులై నుంచి శరదృతువు దాకా మెత్తపెంకువే ఎక్కువ దొరుకుతాయి. ఏది మంచిది? నన్నడిగితే, ఇక్కడే తీరంలో తినేటప్పుడు మెత్తపెంకుదే కొనండి. ధర తక్కువ, చేత్తోనే విరుగుతుంది, మాంసం తియ్యగా ఉంటుంది. బరువులో నీళ్ళెక్కువ, మాంసం తక్కువ, అది నిజం. ఇంటికి దూరం తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం గట్టిపెంకుదే కొనాలి, ప్రయాణానికి అదే తట్టుకుంటుంది.

ఇది చూపించడానికే ఇత్తడి కొలబద్ద తెచ్చాను. ఇలాంటిది ఇక్కడ ప్రతి పడవలోనూ ఉంటుంది. కంటిగుంట దగ్గర ఈ కొస ఆనించి, వీపు డొప్ప చివరిదాకా కొలుస్తారు. 3¼ అంగుళాల కంటే తక్కువుంటే తిరిగి నీళ్ళలోకి. 5 అంగుళాలు దాటినా తిరిగి నీళ్ళలోకి. చిన్నవాటిని వదలడం అర్థమైంది, మరి పెద్దవాటిని ఎందుకు వదలాలి? పెద్ద ఆడవి ఎక్కువ గుడ్లు పెడతాయి, పెద్ద మగవి కూడా సంతానానికి కావాలి. ఇంకా ఉంది. పొట్ట కింద గుడ్లున్న ఆడది బోనులో పడితే, దాని తోక చివరి రెక్కకి ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఒక గాటు పెట్టి వదిలేస్తారు. తర్వాత ఇంకెవరి బోనులో పడినా, అప్పుడు గుడ్లు లేకపోయినా, గాటు చూసి వాళ్ళూ వదిలెయ్యాలి. చేతికొచ్చిన డబ్బుని నీళ్ళలోకి విసరడం ఎంత కష్టమో చేపలు పట్టే కుటుంబాల్లోంచి వచ్చినవాళ్ళకి తెలుసు. ఇక్కడివాళ్ళు తరతరాలుగా అది చేస్తున్నారు. మనిషికి 800 బోన్లకి మించి వెయ్యకూడదు, ప్రతి బోనులో చిన్నవి బయటికి పోవడానికి సందు ఉండాలి, వలతో ఈడ్చి పట్టడానికి వీల్లేదు.

అయినా సముద్రం వేడెక్కితే ఎవరేం చేస్తారు? మెయిన్‌లో 2016లో 13 కోట్ల పౌండ్లు దాటిన దిగుబడి 2023లో 10 కోట్ల లోపుకి వచ్చేసింది. కనెక్టికట్ నుంచి వచ్చినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మీ లాంగ్ ఐలాండ్ జలసంధిలో 1999లో గుట్టలుగా చచ్చిపోయాయి, ఆ తర్వాత అక్కడ పరిశ్రమ కోలుకోలేదు. అందుకే నేను ఇంత గట్టిగా చెప్తున్నాను. ఏడేళ్ళు పెరిగిన ప్రాణి ఇది, ఇన్ని కొలతలు దాటి మన గిన్నెలోకి వచ్చింది, దాన్ని అజాగ్రత్తగా వండకూడదు.

ఇంటికి తెచ్చాక ఏం చెయ్యాలి? చాలామంది కుళాయి నీళ్ళల్లో వేసేస్తారు, పాపం నీళ్ళలో ఉండేది కదా అని. వెయ్యొద్దు. ఇది ఉప్పునీటి ప్రాణి, మంచినీళ్ళలో చచ్చిపోతుంది. మంచుగడ్డల మీద నేరుగా పెట్టినా, మంచు కరిగిన నీళ్ళలో తడిసి చచ్చిపోతుంది. తడిపిన న్యూస్‌పేపర్లో చుట్టి, గాలి ఆడేలా ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి. గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో కట్టొద్దు. కొన్నరోజే వండటం మంచిది, మరీ అయితే మర్నాటి వరకు.

ఇప్పుడు కష్టమైన భాగం. చంపడం. దీని గురించి మాట్లాడకుండా దాటెయ్యడం నాకిష్టం లేదు. పిల్లలు వింటున్నారు, వినడమే మంచిది. బతికున్నదాన్ని మరిగే నీళ్ళలో వెయ్యడం ఇక్కడ మామూలే. స్విట్జర్లాండ్‌లో 2018 నుంచి అది నిషేధం, ముందు స్పృహ లేకుండా చెయ్యాలి. బ్రిటన్‌లో 2022లో చేసిన చట్టం లాబ్‌స్టర్లకి, పీతలకి కూడా బాధ తెలుస్తుందని ఒప్పుకుంది. నేను చేసేది చెప్తాను. వండే ముందు ఇరవై నిమిషాలు ఫ్రీజర్లో పెడతాను. మొద్దుబారిపోతుంది, కదలిక తగ్గుతుంది. తర్వాత బల్ల మీద బోర్లా పెట్టి, ఇదిగో, వీపు డొప్ప మధ్యలో ఈ అడ్డగీత కనిపిస్తోందా, అక్కడ పెద్ద కత్తి మొన గుచ్చి, కళ్ళ మధ్యకి వచ్చేలా ఒక్కసారిగా కిందికి నొక్కుతాను. దీనికి మనలా ఒక్కచోట మెదడు ఉండదు, నరాల ముడులు ఒంటి పొడుగునా ఉంటాయి, అందుకే కత్తి దిగాక కూడా కాళ్ళు కాసేపు కదులుతాయి. చెయ్యి వణికితే చెయ్యొద్దు, పక్కవాళ్ళని అడగండి. ఫ్రీజర్లో పెట్టడం మాత్రం మానొద్దు, అదైనా చెయ్యండి.

వండటానికి రెండు పద్ధతులు, ఉడకబెట్టడం, ఆవిరి పట్టడం. కొత్తవాళ్ళకి నేను ఆవిరే చెప్తాను. నీళ్ళలో వేస్తే రుచి కొంత నీళ్ళపాలవుతుంది, ఆవిరిలో నిదానంగా ఉడుకుతుంది కాబట్టి ఒక నిమిషం అటూ ఇటూ అయినా ప్రమాదం లేదు. పెద్ద గిన్నెలో రెండంగుళాల ఎత్తు నీళ్ళు, అందులో బాగా ఉప్పు, సముద్రపు నీళ్ళే అయితే మరీ మంచిది. లోపల ఇడ్లీ పాత్ర అడుగున వేసే చిల్లుల పళ్ళెం లాంటిది ఏదైనా పెట్టి, నీళ్ళు తెర్లుతుండగా వీటిని వేసి మూత పెట్టండి. ఇరికించొద్దు, ఆవిరి చుట్టూ తిరగాలి. ఇక గడియారం. గట్టిపెంకుదైతే 1 పౌండుదానికి 10 నిమిషాలు, 1¼ పౌండ్లకి 12, 1½ పౌండ్లకి 14. మెత్తపెంకుదైతే రెండు మూడు నిమిషాలు తగ్గించండి. సగంలో ఒకసారి మూత తీసి కిందివి పైకి మార్చండి. అంతే! నమ్మకం కుదరకపోతే థర్మామీటరు తోక కింది వైపు నుంచి గుచ్చండి, 140 ఫారెన్‌హీట్ వస్తే దించెయ్యండి. మాంసం అద్దంలా కనిపించకుండా తెల్లగా ఉండాలి.

మొదటిసారి తినేవాళ్ళకి నా కోరిక ఒకటుంది. మొదటిదాన్ని మసాలా లేకుండా తినండి. కరిగించిన వెన్న, నిమ్మకాయ, అంతే. ఇక్కడివాళ్ళు వెన్న కరిగించి పైన తేరిన నూనె మాత్రం గిన్నెలో ఇస్తారు, మన నెయ్యికి ఒక మెట్టు ముందు దశ అది. నెయ్యి కూడా వేసుకోవచ్చు, కానీ కమ్మగా కాగిన వాసన కొంచెం పైకి తేలుతుంది. దీని తీపి ఏమిటో ఒకసారి నాలుకకి తెలియాలి. తెలిస్తేనే కదా, తర్వాత మసాలా ఎంత వెయ్యాలో మీకే తెలుస్తుంది.

విడదీయడం చూడండి. పెద్ద కాళ్ళని ఇలా మెలిపెట్టి లాగాలి. ఒకటి లావుగా ఉంది, ఒకటి సన్నగా ఉంది కదా, లావుది గుల్లలు చితక్కొట్టడానికి, సన్నది చీల్చడానికి. ఈ కాలికీ ఒంటికీ మధ్య కణుపులున్నాయి చూశారా, వీటిని చాలామంది పక్కన పడేస్తారు. అయ్యో, పడెయ్యకండి! మొత్తం జంతువులో రుచికరమైన మాంసం ఇక్కడే ఉంటుందని నేననుకుంటాను. కత్తెరతో పొడుగునా కత్తిరిస్తే ముక్క మొత్తం వచ్చేస్తుంది. తోకని పట్టుకుని మెలితిప్పి లాగండి, చివరి రెక్కలు విరిచి, అక్కణ్ణుంచి వేలితో నెడితే ఇదిగో, మొత్తం ఇటు బయటికొచ్చింది. వీపు మీద నల్లగా సన్నటి పేగు ఉంటే రొయ్యకి తీసినట్టే తియ్యండి. చిన్న కాళ్ళని బల్ల మీద వరసగా పెట్టి చపాతీ కర్రతో ఒక కొస నుంచి దొర్లించండి. చూశారా, పిల్లలూ? మాంసం పుల్లలా బయటికి వచ్చేస్తోంది. ఈ పని మీకప్పగిస్తున్నాను.

పిన్నిగారు ఈ ఆకుపచ్చ ముద్ద ఏమిటని అడుగుతున్నారు. అది దాని కాలేయం లాంటి అవయవం. చాలామంది ఇష్టంగా తింటారు. కానీ సముద్రంలోని విషపదార్థాలు చేరేది కూడా అక్కడే, అందుకే తినొద్దని మెయిన్ ఆరోగ్యశాఖ చాలా ఏళ్ళుగా చెప్తోంది. నేను తీసేస్తాను, పిల్లలకి అసలు పెట్టను. ఎర్రగా పలుకులుగా ఉన్నవి మాత్రం గుడ్లు, తినొచ్చు. గుడ్లు నల్లగా, బంకగా ఉంటే ఇంకా ఉడకలేదని అర్థం, ఇంకో రెండు నిమిషాలు ఆవిరి పట్టండి. తెల్లగా పెరుగు తరకల్లా ఉన్నది గడ్డకట్టిన రక్తం, దానివల్ల ఏమీ కాదు.

మన పద్ధతికి వద్దాం, మీరంతా ఎదురుచూస్తున్నది ఇదేనని తెలుసు. ఇగురు. ముందు లాబ్‌స్టర్‌ని నాలుగు నిమిషాలే ఆవిరి పట్టి, వెంటనే మంచునీళ్ళలో ముంచండి. లోపల సగం పచ్చిగానే ఉంటుంది, కానీ పెంకు వదిలి వస్తుంది. పెద్ద కాళ్ళకి ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ కావాలి. మాంసం పెద్ద ముక్కలుగా కోసి పక్కన పెట్టండి, దాన్ని ఇంకా పొయ్యి దగ్గరికి తేవద్దు. ఇప్పుడు మూకుట్లో నూనె, ఉల్లిపాయలు సన్నగా తరిగినవి, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయేదాకా, పసుపు, కారం, ధనియాల పొడి, టమాటాలు. నూనె పైకి తేలేదాకా వేయించండి. ఎంతసేపైనా వేయించండి, మీ ఓపిక అంతా ఇక్కడ చూపించండి. ఉప్పు సరిచూసుకోండి, పులుపు సరిచూసుకోండి. కూర మొత్తం పూర్తయిపోవాలి, లాబ్‌స్టర్ లేకుండానే అన్నంలో కలుపుకు తినేట్టు ఉండాలి. అప్పుడు ముక్కలు వేసి, మూత పెట్టకుండా, మూడు నిమిషాలు కలిపి దించెయ్యండి. దించాక కూడా ఆ వేడికి ఇంకా ఉడుకుతుంది. లవంగం, దాల్చినచెక్క దాదాపు వద్దు, మిరియాలు వేసుకోండి. గోంగూర వెయ్యొచ్చా అని అడుగుతున్నారు ఆ తమ్ముడు. రొయ్యలతో గోంగూర నాకు ప్రాణం, కానీ దీంతో వద్దు, ఆ పులుపు ముందు దీని తీపి నిలబడదు.

వేపుడు కావాలంటే ఇంకా తేలిక. నెయ్యిలో వెల్లుల్లి చితక్కొట్టి వేసి, కరివేపాకు, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, ఎండుమిర్చి. సెగ పెంచి ముక్కలు వేసి రెండు నిమిషాలు తిప్పండి.

పెంకులు పారెయ్యకండి. కళ్ళ వెనకున్న సంచీని, పక్కల ఈకల్లా ఉండే మొప్పల్ని తీసేసి, మిగతా పెంకంతా చితక్కొట్టి కొంచెం నూనెలో వేయించి, మునిగేదాకా నీళ్ళు పోసి ముప్పావుగంట మరిగించి వడకట్టండి. ఆ నీళ్ళతో చింతపండు పులుసు పెట్టండి, చారు పెట్టండి, లేదా ఇగురులో అరకప్పు పోసి దగ్గరపడనివ్వండి. ఎక్కువసేపు మరిగించాలనే కోరిక ఉన్నవాళ్ళు పెంకుల మీద తీర్చుకోవచ్చు.

విశాఖలో, భీమిలిలో దొరికే వాటి గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. మన తీరంలోవి వేరే జాతి, ఒంటి నిండా ముళ్ళుంటాయి, పొడుగాటి మీసాలుంటాయి, ఈ పెద్ద కాళ్ళు ఉండవు. మాంసమంతా తోకలోనే. ఈ దేశంలో ఫ్రీజర్లో తోకలు మాత్రమే అమ్ముతారు చూడండి, వాటిలో చాలావరకు అలాంటి జాతులవే. మాంసం కొంచెం గట్టిగా ఉంటుంది, కాబట్టి మసాలాకి బాగా ఆగుతుంది, టైము సంగతి మాత్రం దానికీ ఇదే. ఊరెళ్ళినప్పుడు కొంటే అరచేతిలో ఇమిడే పిల్లల్ని కొనకండి. మనకీ ఎగుమతికి కనీస బరువులు ఉన్నాయి, 2003లో కేంద్రం పెట్టింది, ఒక రకానికి 200 గ్రాములు, ఇంకో రకానికి 300, పెద్ద రకానికి 500. ఎగుమతికి పనికిరాని పిల్లలు లోకల్ మార్కెట్లోకి వస్తాయి, మనం కొంటున్నంత కాలం వస్తూనే ఉంటాయి.

ఆఖరి ప్రశ్న, విమానంలో తీసుకెళ్ళొచ్చా అని. దేశం లోపలైతే తీసుకెళ్ళొచ్చు. బతికున్న లాబ్‌స్టర్‌ని సెక్యూరిటీ దగ్గర రానిస్తారు, లోపల కనిపించే ప్లాస్టిక్ డబ్బాలో, నీళ్ళు కారకుండా ఉండాలి. విమానయాన సంస్థని మాత్రం ముందే అడగండి, వాళ్ళ నియమాలు వాళ్ళకుంటాయి. ఇక్కడి దుకాణాలవాళ్ళే తడి కాగితం, చల్లటి జెల్ ప్యాకెట్లు పెట్టి ప్యాక్ చేసిస్తారు. ఇంటికెళ్ళగానే మూత తీసి కదులుతున్నాయో లేదో చూడండి, ఆ రాత్రే వండేయండి. వండిన మాంసం మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది, తిరిగి వేడిచేసేటప్పుడు మాత్రం కూరని వేడిచేసి అందులో ముక్కలు వెయ్యండి, మైక్రోవేవ్‌లో పెట్టొద్దు. నీళ్ళు తెర్లుతున్నాయట, పెద్ద గిన్నె దగ్గర ఇద్దరు నాకు సాయం కావాలి, ఫోన్లో టైమర్ పెట్టగలిగినవాళ్ళు రండి.